వెనిలా డబ్బా, పొగచూరిన డబ్బా

పైపు తాగేవాళ్లలో రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీ వాళ్ల డబ్బా మూత తీస్తే వెనిలా, చెర్రీ, రమ్ము, చాక్లెట్ గుప్పుమంటాయి. వీటిని ఆరోమాటిక్ మిశ్రమాలంటారు. రెండో పార్టీ డబ్బాలో ఎండుగడ్డి వాసనో, కట్టెల పొయ్యి దగ్గర ఆరబెట్టి మర్చిపోయిన తోలు చెప్పు వాసనో వస్తుంది. ‘మాది అచ్చమైన ఆకు, ఏమీ కలపలేదు’ అని వీళ్లకి గర్వం. మొదటివాళ్లది పిల్లల మిఠాయి అని వెక్కిరింపు కూడా. మన దగ్గర చుట్ట కాల్చే పెద్దాయన జర్దా కిళ్లీ నమిలేవాణ్ణి చూసి మొహం చిట్లించడం లాంటిదే ఇది.

నేను పైపు తాగను, ఎవర్నీ తాగమనను. కానీ ఈ తగువు వెనకున్న కెమిస్ట్రీ అంటే భలే ఇష్టం. ‘ఏమీ కలపని పొగాకు’ అనే మాటని కాస్త గీరి చూస్తే కింద చాలానే బయటపడతాయి.

పచ్చి పొగాకు ఆకులో పైపు ప్రియులు చెప్పే రుచులేవీ ఉండవు. అవన్నీ ఆకు కోసిన తర్వాత పుట్టేవే. ఒంగోలు, కొండపి, కందుకూరు వైపు బస్సులో వెళ్తే పొలాల మధ్య ఎత్తుగా, కిటికీల్లేని గదులు కనిపిస్తాయి. అవి పొగాకు బ్యారన్లు. ఆకుని కర్రలకి కట్టి వరసలుగా లోపల వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ వేడి రేకు గొట్టాల గుండా గదిలో తిరిగి పోతుంది, పొగ మాత్రం ఆకుని తాకదు. మొదటి ఒకటి రెండు రోజులు 35 నుంచి 40 డిగ్రీల వేడి, బాగా తేమ ఉంచుతారు. ఆకు అప్పటికింకా చావలేదు. దానిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంటాయి. గడ్డిలో మాగబెట్టిన మామిడికాయలో జరిగేది కూడా ఇదే. ఆకుపచ్చదనం పోయి పసుపు తేలుతుంది. సరిగ్గా ఆ సమయంలో వేడి పెంచి ఆకుని ఎండగొట్టేస్తారు. చివరికి 70 డిగ్రీలు దాటిస్తారు. ఎంజైములు ఆగిపోతాయి, చక్కెర ఆకులోనే చిక్కుకుపోతుంది. వారం లోపు పని పూర్తి. మనం వర్జీనియా పొగాకు అనేది ఇదే. మన దగ్గర పండేదాంట్లో ఎక్కువ భాగం సిగరెట్లకి పోతుంది గానీ, పైపు మిశ్రమాల్లోనూ తీపి ముక్క వర్జీనియాదే.

బర్లీ రకాన్ని ఇలా తొందరపెట్టరు. గాలాడే పాకల్లో వారాల తరబడి వేలాడదీసి వదిలేస్తారు. ఆకు మెల్లగా చచ్చిపోతూ, ఊపిరి పీల్చుకుంటూ, తన చక్కెరని తానే తినేస్తుంది. అందుకే ఎండిన వర్జీనియా బరువులో చక్కెర 15, 20 శాతం దాకా ఉండొచ్చు, బర్లీలో మాత్రం దాదాపు ఏమీ మిగలదు. మిగిలేది స్పాంజి లాంటి ఆకు. ఏ ద్రవం పోసినా లాగేసుకుంటుంది.

పరిమళం కలిపే వ్యాపారం మొదలయ్యేది ఇక్కడే. బర్లీకి ముందు పాకం పట్టిస్తారు. పంచదార, తేనె, కోకో, అతిమధురం సారం లాంటివి కలిపిన ద్రవంలో ఆకుని తడిపి వేడి చేస్తారు. దీన్ని కేసింగ్ అంటారు. ఆకు ఘాటు తగ్గించి గుండ్రటి రుచి తేవడం దీని పని. దీన్ని తాగేవాడు అసలు గుర్తుపట్టకపోవచ్చు. ఆ తర్వాత, అంతా ఆరాక, చివర్లో చల్లేది టాపింగ్. వెనిలా, చెర్రీ, విస్కీ అన్నీ ఈ దశలోనే. ఎందుకు చివర్లో? పాయసం దించాక యాలకుల పొడి ఎందుకు వేస్తామో అందుకే. తేలిగ్గా ఆవిరయ్యే పరిమళాలు ముందే వేస్తే వేడికి ఎగిరిపోతాయి. ఆకు ఎండిపోకుండా చాలా కంపెనీలు ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా కలుపుతాయి.

ఇక్కడో తమాషా ఉంది. ఇంత కష్టపడి చల్లిన వెనిలా అంతా తాగేవాడి నాలుకకి అందదు. నిప్పు పైన మండుతుంటే, దాని కిందున్న ఆకు వేడెక్కి పరిమళాలు ఆవిరవుతాయి. కొంత పైపు గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది, కొంత గదిలోకి పోతుంది. తాగేవాడి ముక్కు కాసేపట్లోనే ఆ వాసనకి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. సాంబ్రాణి వేసిన ఇంట్లో కూర్చున్నవాళ్లకి అది తెలియదు, గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి తెలుస్తుంది. పైపు లోకంలో దీనికి రూమ్ నోట్ అని ఒక పేరే ఉంది, అంటే గదిలో ఉన్నవాళ్లకి తగిలే వాసన. ఒక రకంగా ఆరోమాటిక్ పొగాకు పక్కవాళ్ల కోసం చేసిన సరుకు. భార్య ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఉండటానికి అని పాత జోకు ఉంది. జోకు పాతదే అయినా మార్కెట్ లెక్క దాని మీదే నడిచింది.

రెండో పార్టీ గర్వానికి మూలం చాలామంది అనుకునేంత ఉన్నతమైనది కాదు. బ్రిటన్‌లో పొగాకు మీద పన్ను బరువుని బట్టి ఉండేది. వ్యాపారులు చక్కెర నీళ్లూ చెత్తా కలిపి బరువు పెంచేవారు. దాన్ని ఆపడానికి 19వ శతాబ్దంలో ప్రభుత్వం కలుపుడు సరుకు మీద గట్టి ఆంక్షలు పెట్టింది. సీసాలోంచి రుచి పోయడం కుదరనప్పుడు, అక్కడి మిశ్రమకారులు రుచి ఉన్న ఆకుల కోసం తూర్పుకి చూశారు. గ్రీస్, టర్కీల్లో ఎండలో ఆరబెట్టిన చిన్నాకు, సిరియా రేవు పట్నం పేరు పెట్టుకున్న లటాకియా అలా వచ్చి చేరాయి. ఇవి కలిసినదాన్నే ఇంగ్లిష్ బ్లెండ్ అంటారు. ఇంగ్లిష్ వాళ్లంతా అంత నియమంగా ఉన్నారనుకోకండి, కెండల్ ఊళ్లో తయారయ్యే కొన్ని మిశ్రమాలు సబ్బు పెట్టె తెరిచినట్టు పూల సెంటు కొడతాయి.

ఈ లటాకియా దగ్గర కాస్త ఆగాలి. ఈ ఆకుని ముందు ఎండలో ఆరబెట్టి, తర్వాత మూసిన కొట్టంలో వేలాడదీసి, కింద పైన్, ఓక్, మిర్టిల్ లాంటి కట్టెలూ పొదలూ తగలబెట్టి వారాల తరబడి పొగ పట్టిస్తారు. ఇప్పుడు ఎక్కువగా సైప్రస్‌లో చేసే రకమే మార్కెట్లోకి వస్తుంది. బయటికొచ్చే ఆకు నల్లగా, కట్టెల పొయ్యి పైన వేలాడే ఉట్టిలా ఉంటుంది. ఆ వాసనంతా ఆకుది కాదు. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి విరిగితే గ్వయకాల్ లాంటి, ఫినాల్స్ అనే పొగవాసన పదార్థాలు వస్తాయి, అవి ఆకుకి పట్టుకుంటాయి. అంటే ఇదీ బయటి నుంచి కలిపిన రుచే. సీసాకి బదులు పొగ రూపంలో కలిపారు, అంతే.

అంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకోటుంది. వెనిలాకి ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం వెనిలిన్. ప్రపంచంలో తయారయ్యే కృత్రిమ వెనిలిన్‌లో ఎక్కువ భాగాన్ని ఫ్యాక్టరీల్లో చేసేది ఈ గ్వయకాల్ నుంచే. రెండు అణువుల ఎముకల గూడు ఒకటే. గ్వయకాల్‌కి ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ ఉన్న చిన్న తోక తగిలిస్తే వెనిలిన్. వెనిలా వాసన చూసి నవ్వే లటాకియా అభిమాని పైపులో మండేది ఆ వెనిలాకి వరసకి అన్నే.

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్‌లో చేసే పెరీక్ అనే పొగాకు కూడా ‘ఏమీ కలపని’ ఖాతాలోనే ఉంటుంది. ఆకుని పాత విస్కీ పీపాల్లో కూరి, స్క్రూ జాకులతో అదిమి, మధ్యమధ్యలో తీసి తిరగేసి, మళ్లీ అదిమి, ఏడాదో అంతకన్నా ఎక్కువో ఊరబెడతారు. గాలి తగలని ఆ రసంలో సూక్ష్మజీవులు తమ పని చేస్తాయి. బయటికి తీశాక ఎండిన అంజీరు, వెనిగర్ వాసన. జాడీలో ఊరిన ఆవకాయని ‘ఏమీ చెయ్యని మామిడికాయ’ అని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

తేడా అసలు లేదనడం లేదు. నాలుకకి తెలిసే తేడా ఉంది. చక్కెర ఎక్కువున్న వర్జీనియా పొగ ఆమ్లం వైపు మొగ్గుతుంది, తొందరగా పీలిస్తే నాలుక మండుతుంది. బర్లీ పొగ క్షారం వైపు. తడిగా ఉన్న ఆరోమాటిక్ అయితే పొగతో పాటు ఆవిరి కూడా పంపి నాలుకని ఉడకబెడుతుంది. క్షారం పెరిగే కొద్దీ నికోటిన్ నోటి చర్మంలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. అందుకే చుట్ట, పైపు తాగేవాళ్లు పొగ మింగకపోయినా నిషా ఎక్కుతుంది. ‘నేను లోపలికి పీల్చను కదా’ అనేది వాళ్ల ధైర్యం. నోటికీ పెదవికీ గొంతుకీ ఆ మాట పట్టదు.

హాని విషయంలో రెండు డబ్బాలూ ఒకదాన్ని చూసి ఒకటి నవ్వుకోనక్కర్లేదు. కలిపిన చక్కెర మండితే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ పుడతాయి. కలపని బర్లీలో నైట్రేట్లు ఎక్కువ కాబట్టి క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు ఎక్కువ తయారవుతాయి. పొగ పట్టించిన ఆకు మీద ఆ కట్టెల పొగలోని విషాలు ముందే పేరుకుని ఉంటాయి. ‘సహజం’ అనే మాటకి సాక్ష్యం కావాలంటే ఉత్తరాంధ్ర తీరానికి వెళ్లాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఉంది, అడ్డపొగ అంటారు. ఆ చుట్టలో ఆకు తప్ప ఏమీ లేదు. వెనిలా లేదు, గ్లైకాల్ లేదు. అంగుడి క్యాన్సర్లతో దానికున్న సంబంధం గురించి మన వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే వచ్చారు.

చట్టాలు మాత్రం ఇంకా లేబుల్ దగ్గరే ఉన్నాయి. అమెరికా 2009లో మెంతాల్ తప్ప మిగతా రుచుల సిగరెట్లని నిషేధించింది, పైపు పొగాకు జోలికి పోలేదు. ఐరోపా సమాఖ్య 2014 ఆదేశం కూడా సిగరెట్లనీ, చేత్తో చుట్టుకునే పొగాకునీ పట్టుకుని పైపుని వదిలేసింది. వారసత్వపు సరదా, తాగేది ముసలాళ్లు అని కాబోలు. అదే 2009 ఏప్రిల్‌లో అమెరికా చేత్తో చుట్టుకునే పొగాకు మీద పన్నుని పౌనుకి దాదాపు 1 డాలర్ నుంచి 24.78 డాలర్లకి పెంచి, పైపు పొగాకు మీద 2.83 దగ్గర ఆపింది. కొద్ది నెలల్లోనే పైపు పొగాకు అమ్మకాలు అక్కడ విపరీతంగా పెరిగిపోయాయి, చేత్తో చుట్టుకునేది పడిపోయింది. జనం ఉన్నట్టుండి పైపులు కొన్నారని కాదు. నిన్నటి దాకా సిగరెట్ చుట్టుకోవడానికి అమ్మిన సన్నటి తురుమునే కంపెనీలు సంచి మీద ‘పైపు పొగాకు’ అని అచ్చేసి అదే షాపులో, అదే చుట్టుడు కాగితాల పక్కన పెట్టాయి.