నేరం ఒకటే, గడులు వేరు: సీమ పోలీసు లెక్కల వెనక నూట అరవై ఏళ్లు

ప్రొద్దుటూరులో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గేస్తున్న ఒకామె మెడలోంచి, బైకు మీద వచ్చినవాళ్లు గొలుసు తెంపుకుని పోయారనుకోండి. 2024 జూన్ దాకా ఆ ఫిర్యాదును పాత శిక్షాస్మృతి ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్) 379 కింద రాస్తే మామూలు దొంగతనం, 392 కింద రాస్తే దోపిడీ. పోయిన బంగారం అదే, ఆమె మెడ మీద గాటూ అదే. డిసెంబరు ఆఖర్లో ఎస్పీ విలేకరులను పిలిచి ఇచ్చే కాగితంలో మాత్రం అది ‘థెఫ్ట్స్’ వరుసలో చేరుతుందా, ‘రాబరీ’ వరుసలో చేరుతుందా అన్నది ఆ రోజు స్టేషన్లో వేసిన సెక్షన్‌ను బట్టి ఉంటుంది. దోపిడీలు తగ్గాయని మర్నాడు పేపర్లో చదివినప్పుడు, నిజంగానే తగ్గాయా, పక్క వరుసలోకి జరిగాయా అన్నది ఆ కాగితం చూసి తెలుసుకోలేం. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో ఇలా లాక్కుపోవడానికి విడిగా చోటిచ్చింది. ఎప్పుడో చేయాల్సిన పని అది.

ఆ కాగితంలో వరుసలు చూస్తే మర్డర్ ఫర్ గెయిన్ (సొమ్ము కోసం చేసిన హత్య), డెకాయిటీ, రాబరీ, హెచ్‌బీ బై డే, హెచ్‌బీ బై నైట్ అని ఉంటాయి. హెచ్‌బీ అంటే ఇల్లు పగలగొట్టి చేసే దొంగతనం. పగటిది వేరు, రాత్రిది వేరు. ఈ విభజన 1862 జనవరి 1న అమలైన ఇండియన్ పీనల్ కోడ్ నుంచి వచ్చింది. ఐదుగురో అంతకు మించో కలిసి దోస్తే డెకాయిటీ, నలుగురైతే రాబరీ. చీకట్లో ఎంతమంది మీదపడ్డారో వణుకుతూ చెప్పే మనిషి మాట మీద ఆ గీత నిలబడి ఉంది.

అంతకు ముందు సంగతి కొంత చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా 1807 దాకా ఉన్నాడు. సుమారు ఎనభై మంది పాళెగాళ్ల అధికారం ఆ కాలంలోనే కూలింది. కర్నూలు నవాబు రాజ్యం 1839లో పోయింది. ఊళ్లలో కావలి పాళెగాళ్ల చేతుల్లోంచి జారి, 1859 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి యూనిఫాం పోలీసు వచ్చాడు. అతనితో పాటు రిజిస్టరూ వచ్చింది.

ఆ రిజిస్టరు పుట్టిన ఇరవై ఏళ్లలోపే 1876-78 ధాత కరువు సీమను ఊడ్చేసింది. తిండిలేని మనిషి గాదె పగలగొడితే, పుస్తకంలో అది ఇల్లు పగలగొట్టిన నేరమే. ఆకలి రాయడానికి అందులో గడి లేదు. ఇంతకంటే ఘోరం, పుట్టుకనే నేరంగా రాసిన చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసుకూ వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వంటి కులాల మనుషుల్ని పేరుపేరునా పోలీసు పుస్తకాల్లోకి ఎక్కించారు. అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురంలో అలాంటి వాళ్లకు సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది, దేశమంతటా 1952లో పోయింది. కానీ ఏళ్ల తరబడి ‘ఫలానా కులం వల్ల ఇన్ని దొంగతనాలు’ అని లెక్కలు కట్టారు. ఎవరి మీద నిఘా ఎక్కువో వాళ్ల పేర్లే ఎక్కువగా పుస్తకానికి ఎక్కుతాయన్న సంగతి ఆ లెక్కలు కట్టినవాళ్లు పట్టించుకోలేదు. ఆ ముద్ర మోసిన కుటుంబాల పిల్లలు ఇవాళ్టికీ మన మధ్యే ఉన్నారు.

ఊరికీ స్టేషనుకూ మధ్య చాలాకాలం గ్రామ మునసబు ఉండేవాడు. హత్య జరిగితే ఆయన రాసి పంపిన రిపోర్టే చాలా కేసుల్లో మొదటి సమాచారం. మునసబు ఏ వర్గం మనిషైతే రిపోర్టు ఆ వైపు వంగేదన్నది సీమ పల్లెల్లో అందరికీ తెలిసిన విషయం. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. ఆ తర్వాత మొదటి మాట రాసే అధికారం పూర్తిగా స్టేషన్‌దే అయింది.

ఇక ఫ్యాక్షన్. ఈ పేరుతో శిక్షాస్మృతిలో సెక్షన్ లేదు, పాతదాంట్లోనూ లేదు, కొత్తదాంట్లోనూ లేదు. పాతదాంట్లో హత్యకు 302, గుమికూడి దాడి చేసినందుకు 147, 148, 149, బాంబులకు 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం. పోలీసులు మాత్రం ఫ్యాక్షన్ గ్రామాలని గుర్తిస్తారు, పికెట్లు పెడతారు, రౌడీషీట్లు తెరుస్తారు. అంటే పాలనలో ఉన్న మాటకు చట్టంలో చోటు లేదు. ఢిల్లీలోని జాతీయ నేర రికార్డుల బ్యూరోకు లెక్క పంపేటప్పుడు హత్యకు కారణం రాయాలి: వ్యక్తిగత కక్ష, భూతగాదా, రాజకీయ కారణం. ఆళ్లగడ్డ వైపో పత్తికొండ వైపో రెండు వర్గాల మధ్య పొలం గట్టు మీద మొదలై, సర్పంచి ఎన్నికతో ముదిరి, తండ్రిని చంపినవాణ్ణి కొడుకు చంపడంతో తేలిన హత్యను ఈ మూడింట్లో దేంట్లో రాస్తారు? మూడూ నిజమే, రాసేది ఒక్కటే. కాబట్టి ‘ఫ్యాక్షన్ హత్యలు తగ్గాయి’ అని విన్నప్పుడు, ఫ్యాక్షన్ అని తేల్చింది ఎవరు, ఏ కొలతతో అని అడగడం మన హక్కు. తగ్గాయన్నది నా కళ్లకూ కనిపిస్తున్న నిజమే. ఎంత తగ్గాయన్నది మాత్రం వేరే ప్రశ్న.

బ్యూరో 1986లో ఏర్పడింది. దేశవ్యాప్త నేర నివేదికలు 1953 లెక్కలతోనే మొదలయ్యాయి. అందులో ఒక నియమం ఉంది: ఒకే ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా, అన్నిటికంటే ఘోరమైన ఒక్కదాన్నే లెక్కిస్తారు. బాంబులేసి, ఇళ్లు తగలబెట్టి, ఒకరిని చంపితే లెక్కలో అది ఒక హత్య. తగలబడ్డ ఇల్లు ఏ గడిలోనూ కనబడదు. ఐదుగురు చనిపోయినా కేసు ఒకటే, బాధితుల గడిలో మాత్రం ఐదు. కేసుల సంఖ్య చూస్తున్నామా, మనుషుల సంఖ్య చూస్తున్నామా అన్నది తెలియకుండా రాసిన వార్తలు ఎన్నో చూశాను. మరోవైపు దెబ్బలు తిన్నవాళ్లు కేసు పెడితే కొట్టినవాళ్లు కౌంటర్ కేసు పెడతారు. ఒక గొడవ రెండు కేసులవుతుంది. పెద్దమనుషులు రాజీ కుదిర్చాక సాక్షులు కోర్టులో అడ్డం తిరుగుతారు, శిక్షల శాతం పడిపోతుంది.

అసలు కేసే కట్టకపోతే ఏ గడీ లేదు. “నీకు వస్తువు గావాల్నా, కేసు గావాల్నా?” అన్న మాట ఇక్కడ చాలామంది విన్నదే. కేసు పెట్టదగ్గ నేరమైతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరులో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అంచేత ఒక ఎస్‌ఐ వచ్చి ఫిర్యాదులన్నీ నిజాయితీగా కడితే ఆ ఏడాది ఆయన స్టేషన్లో నేరాలు ‘పెరుగుతాయి’. అలాంటి అధికారిని సమీక్షలో నిలదీయడం అన్యాయం. మట్కా, పేకాట కేసులది ఇంకో లెక్క: అక్కడ ఫిర్యాదుదారు ఉండడు, దాడి చేస్తేనే కేసు. 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసులు రెట్టింపయితే మట్కా పెరిగిందని కాదు, పోలీసులు కదిలారని.

పాత ఏడాదితో పోల్చాలన్నా ఇప్పుడు తేలిక కాదు. 2022 ఏప్రిల్ 4న కర్నూలులోంచి నంద్యాల, అనంతపురంలోంచి శ్రీసత్యసాయి, కడప, చిత్తూరుల్లోంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. లక్ష జనాభాకు ఇన్ని నేరాలు అని చెప్పే రేటుకు ఆధారం 2011 జనగణన మీద వేసిన అంచనా. కోసిగి, పెద్దకడుబూరు నుంచి సుగ్గికి (పంటల కాలంలో కూలికి వలస) గుంటూరు వైపు పోయే కుటుంబాలు ఆ అంచనాలో ఏడాదంతా ఊళ్లోనే ఉన్నట్టు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అనంతపురం సంగతి. ఆత్మహత్యలనూ పోలీసులే లెక్కిస్తారు, 2024 జూన్ దాకా నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 174 కింద. వేరుశనగ పోయి, బోర్లు ఎండి, అప్పులు పెరిగిన 1990ల చివరలో ఆ రికార్డుల్లో చాలా మరణాలకు కారణం ‘కడుపునొప్పి’ అని ఉంది. 2004లో 421వ జీవో వచ్చింది: రైతు ఆత్మహత్య అని తేలితే కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. తేల్చే కమిటీల్లో మండలంలో ఎస్‌ఐ, డివిజన్‌లో డీఎస్పీ సభ్యులు. కౌలుకు చేసినవాడి పేరున పట్టా ఉండదు. భర్తతో సమానంగా కలుపు తీసి, కాయ వలిచిన భార్య వృత్తి గడిలో ‘గృహిణి’ అని పడుతుంది. 2014 నుంచి బ్యూరో లెక్కల్లో రైతులనూ వ్యవసాయ కూలీలనూ వేరు చేశారు. ఆ గడిలో ‘కూలి’ అని పడ్డ కౌలుదారు కుటుంబం, రైతు ఆత్మహత్యల లెక్కలోకీ రాలేదు, పరిహారం జాబితాలోకీ రాలేదు. ఆ 174 ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194 అయింది. ఇంట్లో శవం ఉండగా, చనిపోయిన మనిషి ఏం పని చేసేవాడని అడిగే పోలీసుకు ఆ ఇంటివాళ్లు చెప్పే ఒక్క మాటతోనే ఆ గడి నిండుతోంది.