కొత్త విండోస్ వేయిస్తే గేమ్ స్పీడ్ పెరుగుతుందా?

మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి "అన్నా, విండోస్ 11 వేయిస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుద్దంట, షాపతను చెప్తున్నాడు, నిజమేనా" అని అడిగాడు. ఎఫ్‌పీఎస్ అంటే గేమ్ సెకనుకి ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) చూపిస్తోందన్న లెక్క, ఎంత ఎక్కువుంటే ఆట అంత సాఫీగా ఉంటుంది. వాడి దగ్గరున్నది జీటీఎక్స్ 1050 టీఐ, 2016లో వచ్చిన ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పలేక తర్వాత చెప్తాలే అన్నా, ఆ చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నా.

కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. 2007 జనవరిలో విస్టా వచ్చినప్పుడు కూడా ఇదే గోల. డైరెక్ట్‌ఎక్స్ అంటే గేమ్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య మాట్లాడుకోడానికి మైక్రోసాఫ్ట్ 1995లో తెచ్చిన ఏర్పాటు. అందులో 10వ వెర్షన్ విస్టాకి మాత్రమే ఇచ్చారు, దానికి ముందున్న విండోస్ ఎక్స్‌పీకి ఇవ్వలేదు. అదే ఏడాది వచ్చిన క్రైసిస్ గేమ్‌లో అన్నిటికన్నా పై గ్రాఫిక్స్ సెట్టింగ్ ఎక్స్‌పీలో సెలెక్ట్ అయ్యేది కాదు, కానీ జనం గేమ్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైళ్ళు తెరిచి మార్చి చూస్తే ఆ ఎఫెక్టుల్లో చాలావరకు ఎక్స్‌పీలోనే నడిచాయి! హాలో 2 పీసీ వెర్షన్ కూడా విస్టాకే అన్నారు, అది వాడింది మాత్రం పాత డైరెక్ట్‌ఎక్స్ 9. పైగా గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, ఇంకా కుదురుకోకపోవడంతో మొదటి నెలల్లో చాలా గేములు ఎక్స్‌పీ కన్నా విస్టాలోనే నెమ్మదిగా నడిచాయి.

నిజంగా లోపల మార్పు వచ్చింది 2015 జులై 29న, విండోస్ 10తో పాటు వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12తో. ఇది అర్థం కావాలంటే పొద్దున్నే రద్దీగా ఉండే టిఫిన్ సెంటర్‌ని ఊహించుకోండి. లోపల పెనాల దగ్గర వంటవాళ్ళు, అది గ్రాఫిక్స్ కార్డు. బయట ఆర్డర్లు చెప్పేది సీపీయూ. మధ్యలో కౌంటర్ దగ్గర ఒకతను ప్రతి చీటీ చదివి, తప్పుంటే సరిచేసి, పిండి ఉందో లేదో చూసి లోపలికి పంపిస్తాడు, ఆయనే డ్రైవర్. గేమ్‌లో ఒక చెట్టు గీయి, ఒక గోడ గీయి అని పంపే ప్రతి ఆర్డర్‌నీ డ్రా కాల్ అంటారు, ఒక్క ఫ్రేమ్‌కే ఇవి వేలల్లో ఉంటాయి. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఆ ఫ్రేమ్ మొత్తం 16.7 మిల్లీసెకండ్లలో అయిపోవాలి. పాత పద్ధతిలో ఈ పనిలో ఎక్కువ భాగం సీపీయూలో ఒకే కోర్ మీద, అంటే లోపలుండే పనివాళ్ళలో ఒక్కడి మీదే, పడేది, మిగతా కోర్లు ఖాళీగా చూస్తూ ఉండేవి.

డైరెక్ట్‌ఎక్స్ 12లో ఆ కౌంటర్ పని చాలావరకు తీసేశారు. నలుగురు సప్లయర్లు ఒకేసారి చీటీలు రాసి కట్టగా లోపల తగిలించేయొచ్చు. ఇది మైక్రోసాఫ్ట్‌కే తట్టిన ఆలోచన కూడా కాదు, ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ళ మాంటిల్ 2014 జనవరిలోనే బాటిల్‌ఫీల్డ్ 4 గేమ్‌లో ఇదే పని చేసింది, తర్వాత 2016 ఫిబ్రవరిలో వచ్చిన వల్కన్ అనే డైరెక్ట్‌ఎక్స్ లాంటి ఏర్పాటు ఆ మాంటిల్ మీద కట్టిందే.

మరి ఫలితం? యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అని తెర మీద వేల యూనిట్లు తిరిగే గేమ్ ఉంది, దాని మొదటి టెస్టుల్లో ఏఎండీ కార్డులు 12లో బాగా పుంజుకున్నాయి, ఎన్విడియా కార్డులకి పెద్దగా ఏమీ రాలేదు, కొన్నిచోట్ల కాస్త తగ్గింది కూడా. అప్పట్లో దీని మీద బోలెడు గొడవలు జరిగాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే కారణం ఏంటంటే, ఎన్విడియా పాత డ్రైవర్ అప్పటికే చాలా చురుకు, అంటే ఆ కౌంటర్లో ఉన్నతను ముందే మెరుపులా పనిచేస్తున్నాడు, అలాంటివాణ్ణి తీసేస్తే కొత్తగా కలిసొచ్చేది ఏముంటుంది.

ఇంకో సంగతి జనం పెద్దగా పట్టించుకోరు. కౌంటర్ అతను తప్పులు కూడా సరిచేసేవాడు కదా, ఇప్పుడు ఆ భారం గేమ్ రాసేవాళ్ళ మీద పడింది. షేడర్లు అంటే వెలుగు, రంగు ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు, వాటిని మన కార్డుకీ మన డ్రైవర్‌కీ తగ్గట్టు మన పీసీలోనే కంపైల్ చేయాలి, అంటే కార్డుకి అర్థమయ్యేలా మార్చాలి, అది ముందే చేసి పెట్టుకోకపోతే ఆటలో మొదటిసారి పేలుడు వచ్చినప్పుడే ఆ పని మొదలై సీన్ టక్కున ఆగిపోతుంది. యావరేజ్ ఎఫ్‌పీఎస్ 90 చూపిస్తున్నా ఆట కుదుపులు కుదుపులుగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు, డ్రైవర్ అప్‌డేట్ చేసినప్పుడు షేడర్లు కంపైల్ అవుతున్నాయని గీత కనిపిస్తుందే, అది ఈ బాధ తప్పించడానికే, దయచేసి దాన్ని పూర్తవనివ్వండి. వాల్వ్ కంపెనీ చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ స్టీమ్ డెక్‌లో హార్డ్‌వేర్ దాదాపు ఒకటే కాబట్టి ఆ కంపెనీ చాలా గేములకి ముందే కంపైల్ చేసిన షేడర్లు పంపించగలుగుతోంది. స్టీమ్ డెక్ విండోస్ కాకుండా లినక్స్ అనే వేరే ఓఎస్ మీద నడుస్తుంది, విండోస్ గేముల డైరెక్ట్‌ఎక్స్ ఆర్డర్లని అప్పటికప్పుడు వల్కన్‌లోకి మార్చి ఆడిస్తుంది. ఇంకా చెప్పాలంటే 2019లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్ కోసం మైక్రోసాఫ్టే డైరెక్ట్‌ఎక్స్ 12ని పాత విండోస్ 7కి తెచ్చింది. అంటే స్పీడ్ వచ్చేది కొత్త ఓఎస్ బొమ్మ వల్ల కాదు, ఆర్డర్లు వెళ్ళే దారి మారడం వల్ల, అదీ గేమ్ ఆ దారిని సరిగ్గా వాడుకుంటేనే.

మావాడి విషయానికొస్తే, విండోస్ 10లో ఉన్నదీ 11లో ఉన్నదీ అదే డైరెక్ట్‌ఎక్స్ 12. పైగా 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే సెక్యూరిటీ ఫీచర్ ఆన్‌లో ఉంటే కొన్ని పీసీల్లో గేములు కాస్త తగ్గుతాయని మైక్రోసాఫ్టే చెప్పింది. వాడి కార్డు డైరెక్ట్‌ఎక్స్ 12ని సపోర్ట్ చేస్తుంది గానీ 2020లో వచ్చిన 12 అల్టిమేట్‌ని చెయ్యదు, అందులోని కొత్త ఫీచర్లు తప్పనిసరిగా అడిగే గేములకి ఏ విండోస్ వేసినా లాభం లేదు. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి సెక్యూరిటీ కోసం మారతానంటే సరే, అది వేరే లెక్క.

రాత్రి వాడితో ఒక పని చేయించా. గేమ్ రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించి చూడమన్నా. ఎఫ్‌పీఎస్ అలాగే ఉంటే ఇబ్బంది సీపీయూ దగ్గర, అంటే చీటీలు లోపలికి వెళ్ళే చోట. బాగా పెరిగితే పెనం చాలట్లేదని అర్థం, చీటీలు ఎంత త్వరగా వెళ్ళినా దోశలు అంతకన్నా త్వరగా రావు. వాడికి 41 నుంచి 68కి ఎక్కింది. "అయితే అన్నా, పెనమే మార్చాలన్నమాట" అన్నాడు.