గండి పడిందా, కొట్టారా? సాబోటేజ్ అనే మాట వెనక కథ

గోదావరి డెల్టాలో ఇప్పుడు కాలువ గట్టు తెగినా, తెల్లారేసరికి చెరువులో రొయ్యలు తేలినా, ఎన్నికల్లో మనవాడు ఓడిపోయినా జనం నోట వచ్చే మాట సాబోటేజ్, అంటే ఎవరో కావాలని చాటుగా చెడగొట్టారని. టీవీలో, వాట్సాప్‌లో, టీ కొట్టు దగ్గర, ఎక్కడ చూసినా ఇదే. ఎవరో ఒకరి మీద వేలు చూపించకుండా ఈ మాట అనలేం. అన్నాక ఇద్దరు గట్టు సరిహద్దు రైతుల మధ్య పుట్టిన పగ పిల్లల తరం దాకా పోతుంది. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఫ్రెంచిలో సాబో అంటే చెక్క బూటు. కోపమొచ్చిన కార్మికులు ఆ బూట్లు తీసి యంత్రాల్లోకి విసిరారని, అలా ఈ మాట పుట్టిందని చాలామంది చెప్తారు. వినడానికి బాగుంటుంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. చెక్క బూట్లేసుకుని టకటకలాడిస్తూ మొరటుగా నడవడం, ఆ తర్వాత పనిని మొరటుగా, నాసిగా చేసి పారేయడం అనే అర్థాల మీదుగా వచ్చిందన్నదే నమ్మదగ్గ మాట.

ఈ అర్థం వెనక 1889 నాటి గ్లాస్గో ఓడరేవు సమ్మె కథ కూడా ఉంది. కూలి పెంచమని ఓడ కూలీలు సమ్మె కడితే యజమానులు పొలం కూలీలను దింపారు. వాళ్లకు ఆ పని చేతకాదు, అయినా యజమానులు భేష్ అన్నారు. సమ్మె ఓడిపోయి పాత కూలీలు తిరిగొచ్చాక, మీరు మెచ్చుకున్న ఆ పనే మేమూ చేస్తాం అని, సరిగ్గా అంత నాసిగానే చేయడం మొదలుపెట్టారు. కొద్ది రోజులకే యజమానులు దిగొచ్చి కూలి పెంచారు. దీన్ని ఫ్రాన్సులో ఎమిల్ పూజే అనే కార్మిక నాయకుడు ఎత్తిచూపాడు. 1897లో తులూజ్‌లో జరిగిన కార్మిక సమాఖ్య మహాసభలో బాయ్‌కాట్‌తో పాటు సాబోటేజ్‌ని కూడా పోరాట పద్ధతిగా ఒప్పించాడు. అంటే మొదట్లో దీనికి బాంబులతో, నిప్పుతో పనిలేదు, కూలికి తగ్గ పనే ఇస్తామన్న పట్టుదల అంతే. 1910 ఫ్రెంచి రైల్వే సమ్మె వార్తలతో ఇంగ్లీషులోకి పాకింది. తర్వాత యుద్ధాలొచ్చి రైలు పట్టాలు, వంతెనలు, ఫ్యాక్టరీలు పేల్చడం దాని ముఖ్యార్థమైపోయింది. అయితే 1944లో అమెరికా గూఢచారి సంస్థ శత్రుదేశాల్లోని మామూలు జనం కోసం రాసిన చిన్న పుస్తకంలో పేలుడు లేని సాబోటేజ్ కూడా ఉంది: ప్రతి విషయాన్నీ కమిటీకి పంపండి, కమిటీలో ఐదుగురికి తగ్గకుండా చూడండి, పోయిన మీటింగులో తేలిపోయిన దాన్ని మళ్లీ తిరగదోడండి అని.

మన వైపు ఈ మాట బరువెక్కింది 1942లో. క్విట్ ఇండియా తీర్మానం ఆగస్టు 8న వచ్చింది. అంతకు ముందే, జూలై చివర్లో, ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ నుంచి జిల్లాలకు ఒక సర్క్యులర్ వెళ్లింది. దాన్ని తయారుచేసినాయన కోనసీమకు చెందిన కళా వెంకటరావు గారు. అందులో టెలిగ్రాఫ్, టెలిఫోన్ తీగలు తెంపడం ఉంది, రైలు గొలుసు లాగడం ఉంది, కానీ పట్టాలు మాత్రం పీకకూడదు, ప్రాణాపాయం రానివ్వకూడదు అన్న హెచ్చరిక కూడా ఉంది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే పట్టి నిలిపే వాక్యం అదే. ప్రభుత్వ పనిని ఆపాలి, మనిషి చావకూడదు అని గీత గీసుకుని దిగారన్న మాట. బ్రిటిష్ ప్రభుత్వం ఆ సర్క్యులర్‌నే సాక్ష్యంగా చూపి కాంగ్రెస్ మీద సాబోటేజ్ నేరం మోపింది. ప్రభుత్వం రాసుకున్న పేరు అది, జనం దాన్ని ఉద్యమం అన్నారు.

మన పేపర్లు దీన్ని విద్రోహ చర్య అని రాస్తాయి. అలా రాయగానే దేశద్రోహం వాసన వస్తుంది, చిన్నచిన్న సంగతులకు అది మోయలేని బరువు. విధ్వంసం అంటే నష్టం కనిపిస్తుంది గానీ, కావాలని చేశారన్నది కనపడదు. డెల్టా మనిషి రోజూ వాడే గండి కొట్టడం అన్నదే దీనికి అన్నిటికంటే దగ్గర అని నా అభిప్రాయం. గండి పడింది అంటే ఒకటి, గండి కొట్టారు అంటే ఇంకొకటి, ఆ తేడా చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆదాయానికి గండి, ఓట్లకు గండి అని ఎటూ అంటూనే ఉన్నాం.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు డెల్టాలో చాలాచోట్ల గట్లు తెగాయి. ఎలకలు, పీతలు చేసిన బొరియల్లోంచి మొదట బురద నీరు ఊరుతుంది, తర్వాత మట్టి జారుతుంది, ఇంకాసేపటికి గట్టు ఉండదు. అది గండి పడటం. రబీలో వంతులవారీ నీళ్లిచ్చేటప్పుడు శివారు చేలు ఎండుతుంటే, పైన ఎవరో రాత్రిపూట కాలువకు అడ్డుకట్ట వేసి నీళ్లు మళ్లించుకోవడం వేరు. అది బుద్ధిపూర్వకం. సాగునీటికి ఇలా గండి కొడితే పాత శిక్షాస్మృతి 430వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది, కానీ తెలిసి చేశాడని రుజువు కావాలి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు కూడా కొందరు సాబోటేజ్ అన్నారంటే అది తప్పు. అందరికీ చెప్పి, పేరు పెట్టి పంట మానేయడం బాయ్‌కాట్‌కి దగ్గర, ఇందులో దొంగచాటు ఏముంది?

రైళ్ల విషయంలోనూ అంతే. 2023 జూన్ 2న బాలాసోర్‌లో, మన రాజమండ్రి మీదుగా వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయినప్పుడు ముందు కుట్రకోణం అన్నారు. తర్వాత సీబీఐ అరెస్టు చేసింది ముగ్గురు రైల్వే ఉద్యోగులను.

అన్నిటికంటే ఎక్కువ గొడవలొచ్చేది మాత్రం చెరువుల దగ్గరే. రాత్రి కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటాయి, ముందు పెద్దవి చస్తాయి. పురుగుమందు పడితే అలా కాదు, వేళాపాళా ఉండదు, ముందు చిన్నవే పోతాయి. రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు సంగతి సరేసరి. ఇవేవీ చూడకుండా పక్క చెరువు వాడు మందు కలిపాడని స్టేషన్‌కి వెళ్తే, పోలీసులు అడిగేది నీళ్ల శాంపిల్ ఎక్కడా అని. అప్పటికే చెరువుకి కొత్త నీళ్లు పెట్టేసి ఉంటారు. అనుమానం ఉంటే ఏరేటర్ వేసే లోపే ఒక శుభ్రమైన సీసాలో నీళ్లు నింపి మూత బిగించాలి, చచ్చిన వాటిని కొన్ని ఐసులో పెట్టాలి, రెండూ ఆ పూటే ల్యాబ్‌కి చేర్చాలి.