పేరూ ఊరూ లేని ఇత్తడి బిళ్ళలు: అపోహలు, వాస్తవాలు

పాత నాణేలు, బిళ్ళలు చూసి అవేంటో చెప్పడం నా పని. కడపలో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, దీని మీద ఏమీ లేదు, ఏ రాజుదో చెప్పు."

అపోహ: అక్షరాలు లేవంటే బాగా పాతదే.

చాలాసార్లు అది అరిగిపోయిన మామూలు నాణెమే. 1968-71 నాటి తామరపువ్వు ఇరవై పైసలది అచ్చం ఇత్తడి రంగు. గదిలో లైటు ఆర్పి, టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుతురు వేయండి. నున్నగా ఉన్న బిళ్ళ మీద రేకుల నీడలు లేస్తాయి. 1942-45 నాటి నికెల్ ఇత్తడి నాణేలైతే ఆకారంతోనే దొరికిపోతాయి. అర్ధణా, బేడ (రెండణాలు) నలుచదరం. అణాకు అంచంతా వంకీలు.

అపోహ: చింతపండుతో తోమితే అక్షరాలు బయటపడతాయి.

దయచేసి ఈ పని చేయొద్దు. ఒకసారి గుంతకల్లు నుంచి ఒక అక్క రెండు బిళ్ళలు తెచ్చింది. రెండూ ఒకే డబ్బాలోవి, రెండింటికీ పైన చిల్లు. నాకు చూపించాలని ఒకదాన్ని శుభ్రంగా తోముకొచ్చింది. అది బంగారంలా మెరుస్తోంది, దాని మీద చదవడానికి ఒక్క గీత లేదు. తోమని దాని మీద టార్చి వేస్తే, మట్టి పేరుకున్న సన్నని గాడిలో '4' అంకె సగం కనిపించింది. పులుపు, పీచు కలిసి తీసేసేది ఆ మట్టినీ, ఆ పైపొరనే. నాకు కావలసింది సరిగ్గా అదే.

అపోహ: ముద్ర లేకపోతే ఇక తెలిసేది ఏమీ ఉండదు.

ఆ '4' బిళ్ళనే చూడండి. చిల్లు గుండ్రంగా లేదు, పై అంచు వైపు సాగి, అక్కడ లోహం నున్నబడింది. అంటే ఏళ్ల తరబడి మేకుకో కొక్కేనికో వేలాడింది. "మీ ఇంట్లో ఎవరు ఏం పని చేసేవారక్కా?" అన్నాను. "మా నాయన లోకో షెడ్డులో ఫిట్టరు" అంది. వర్క్‌షాపుల్లో తన నంబరు బిళ్ళ ఇచ్చి పనిముట్టు తీసుకెళ్తారు. పనిముట్టు తిరిగొచ్చేదాకా దాని కొక్కేనికి ఆ బిళ్ళ వేలాడుతుంది. అలాంటిదే అయ్యుంటుందని చెప్పాను. ఇంతకు మించి ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మకండి.

చిల్లు లేకపోతే తూకం వేయండి. 11.66 గ్రాములకో 5.83కో దగ్గరగా వస్తే పాత తులం, అర తులం తూకపురాయి కావచ్చు. అంచు చుట్టూ సన్నని సమాన గీతలుంటే లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, తయారైంది కావచ్చు.

అపోహ: బియ్యాన్ని లాగే బిళ్ళకు కోట్లు వస్తాయి.

పచ్చి మోసం. ఇత్తడి ఇనుమునే లాగదు, బియ్యాన్ని ఎలా లాగుతుంది? బియ్యానికి ఇనుప రజను పట్టించి, కింద అయస్కాంతం దాస్తారు. అలాంటి వాళ్లు ఇంటికొస్తే నేరుగా పోలీసులకు చెప్పండి.

అపోహ: మన చేలో దొరికింది మనదే.

తొలకరికి జొన్నగిరి, వజ్రకరూరు వైపు వజ్రాల కోసం వెళ్లినవాళ్లకు ఇలాంటివీ దొరుకుతుంటాయి. మట్టిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. కడగకుండా కాగితం కవర్లో పెట్టి, ఏ చేను, ఎంత లోతు, పక్కన ఇంకేం ఉన్నాయో ఆ రోజే కవరు మీద రాయండి.