కోర్టుకెక్కిన బాప్తిస్మం రిజిస్టరు

ఓ పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసును 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవం పుచ్చుకున్న రోజే ఎస్సీ హోదా పోయింది, చేతిలో కులం సర్టిఫికెట్ ఉన్నా చెల్లదు అంది. దీంతో దళిత క్రైస్తవుల్లో పాత టెన్షన్ మళ్లీ మొదలైంది. బాప్తిస్మం తీసుకుంటే సర్టిఫికెట్ గతేమిటి? తీసుకోకపోతే ప్రభు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో, పాలుపంచుకునేదెలా?

మిషనరీలు ఎప్పుడొచ్చారో, ఎలా వచ్చారో అందరికీ తెలిసిందే. అసలు ముడి పడింది ఒంగోలులో. 1860ల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి పై కులాల వాళ్లు కొందరు వచ్చి వాక్యం వినేవారు. మాదిగలు వచ్చి బాప్తిస్మం అడిగేసరికి వాళ్లు అడ్డం తిరిగారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు.

ఆ తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు ఆపాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దళితులు ఏదో ఆశపడే చర్చికి పోయారని ఇప్పుడు తేలిగ్గా అనేవాళ్లకు ఆ పదిహేను నెలల సంగతి తెలిసినట్టు లేదు.

మరి ఏటిలో మునిగితే కులం పోయిందా? ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లలో ఎక్కువమంది మాలలు. ఆదివారం ఒకే రొట్టె విరుచుకున్నవాళ్లు కూడా పెళ్లి సంబంధాలకు కులం అడుగుతారు. ఊరి పెద్దల కంటికి పాస్టరైనా దళితపేటవాడే.

క్రైస్తవంలో కులం లేదని చర్చే చెబుతోంది కదా అన్నది వీళ్లకు ఎస్సీ హోదా వద్దనేవాళ్ల వాదన. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసి, క్రైస్తవులను బయటే ఉంచారు. దళిత క్రైస్తవులకు మన దగ్గర మిగిలింది వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు (బీసీ-సీ) కింద 1 శాతం రిజర్వేషన్. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది.

పోనీ హిందూమతంలోకి వెనక్కి వద్దామన్నా సులువు కాదు. పాత కులం వాళ్లు తిరిగి చేర్చుకున్నట్టు రుజువు ఉండాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరు ఎస్సీ సర్టిఫికెట్ కోసం చేసిన అప్పీలు వీగిపోయింది కూడా ఇక్కడే. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆమెకిచ్చిన బాప్తిస్మం రికార్డుల్లో ఉంది. తిరిగి హిందువైనట్టు రుజువు మాత్రం లేదని కోర్టు అంది.