0, 0, 1, 3: గ్లైఫోసేట్ వివాదం వెనుక పాత ఎలుకల లెక్కలు

కలుపు చావడానికి చేలల్లో కొట్టే గ్లైఫోసేట్‌పై 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకో అడుగు వేసి, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ దాన్ని వాడకూడదంది. ఈ మందుతో క్యాన్సర్ వస్తుందా అన్న గొడవ మాత్రం అమెరికాలో, 1983 నాటి ఒక పరీక్షలో, చిట్టెలుకల కిడ్నీల దగ్గర మొదలైంది.

ఈ మందు తయారుచేసిన మోన్‌శాంటో కంపెనీ కోసం చేసిన రెండేళ్ల పరీక్ష అది. మగ చిట్టెలుకలను సుమారు 50 చొప్పున నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందు కలపని మేత పెట్టారు. దీన్నే కంట్రోల్ గ్రూపు అంటారు. మిగతా మూడింటికి మోతాదు పెంచుకుంటూ పోయారు. చివరికి కిడ్నీల్లో కనిపించిన కణితులు వరసగా 0, 0, 1, 3. ఇంత చిన్న గుంపుల్లో సున్నాకూ మూడుకూ తేడా కాకతాళీయంగానూ రావచ్చు. అందుకే పాత పరీక్షల్లోని కంట్రోల్ ఎలుకల లెక్కలు తీశారు. మందు తినని చిట్టెలుకల్లో కిడ్నీ కణితి చాలా అరుదని అవి చెప్పాయి. అంత అరుదైనది ఒకే గుంపులో మూడింటికి వస్తే తేలిగ్గా తీసుకోలేమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏలోని గణాంక నిపుణుడు హెర్బర్ట్ లకాయో 1985లో వాదించారు. అదే ఏడాది ఈపీఏ ఈ మందును ‘గ్రూప్ సి’లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, చేర్చింది.

కంపెనీ ఊరుకోలేదు. మార్విన్ కుష్నర్ అనే పాథాలజిస్టుతో, అంటే కణజాలాన్ని మైక్రోస్కోపులో పరీక్షించే నిపుణుడితో, కిడ్నీ స్లైడ్లన్నీ మళ్లీ చూపించింది. కంట్రోల్ గ్రూపులోని ఒక ఎలుక కిడ్నీలోనూ చిన్న కణితి ఉందని ఆయన తేల్చారు. వరస 1, 0, 1, 3 అయింది. ఈపీఏ అవే కిడ్నీల నుంచి కొత్త ముక్కలు కోయించి చూసినా వేరే కణితులేమీ బయటపడలేదు. ఆ ఒక్క స్లైడు మీద నిపుణుల మధ్య చాలా వాదన నడిచింది. 1986లో ఈపీఏ శాస్త్ర సలహా మండలి ఏదీ తేల్చలేమంటూ ‘గ్రూప్ డి’ అంది. 1991లో ఈపీఏ ‘గ్రూప్ ఇ’కి, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించదనడానికి ఆధారం ఉన్నవాటిలోకి, మార్చేసింది.

పాత లెక్కలను ఎలా వాడాలన్న చర్చ కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. హేస్‌మన్, హఫ్, బూర్మన్ 1984లో దీనిపైనే ఒక పత్రం ప్రచురించారు. ఏ పరీక్షకైనా దాంతోపాటు పెంచిన కంట్రోల్ ఎలుకలే మొదటి కొలమానం, పాతవి తోడు మాత్రమే అన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే సూత్రం. కారణం ఉంది. మేత మారితే కణితుల రేటు మారుతుంది. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో మందును మొక్కజొన్న నూనెలో కలిపి గొట్టంతో పొట్టలోకి పోసేవారు. ఆ నూనె ఒక్కటే తాగిన ఎఫ్344 అనే జాతి మగ ఎలుకల్లో క్లోమగ్రంథి కణితులు పెరిగాయి. ఎలుకల జాతి, ప్రయోగశాల, స్లైడు చూసే పాథాలజిస్టు, వీటిలో ఏది మారినా అంకె కదులుతుంది.

2015లో గొడవ మళ్లీ రాజుకుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకమేనని మార్చిలో ప్రకటించింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ నవంబరులో కాదంది. 1985లో అనుమానాన్ని బలపరచిన పాత లెక్కలు ఈసారి దాన్ని కొట్టేసే పక్షాన నిలిచాయి. 2009 నాటి ఒక పరీక్షలో 51 చొప్పున ఉన్న మగ చిట్టెలుకల గుంపుల్లో లింఫోమాలు (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్లు) 0, 1, 2, 5 వచ్చాయి. మోతాదుతోపాటు పెరుగుతున్నది కళ్లెదుటే ఉంది. అయినా పాత కంట్రోల్ గ్రూపుల్లోనూ ఇలాంటి సంఖ్యలు వచ్చాయంటూ దాని బరువు తగ్గించారు.

నాకు అభ్యంతరం ఇక్కడే. కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా పరిధి చూపించి ‘అందులోనే ఉంది కదా’ అనడం చాలా సులువు. ఎన్ని ప్రయోగశాలల లెక్కలు కలిపితే ఆ పరిధి అంత వెడల్పవుతుందే తప్ప ఎన్నడూ కుదించుకుపోదు. తగినంత పోగేస్తే అందులో ఇమడని ఫలితం దాదాపు ఉండదు. అదే ప్రయోగశాల, అదే జాతి, దగ్గరి సంవత్సరాలు అన్న షరతు పాటించినప్పుడే ఆ పోలికకు విలువ. అనుమానాన్ని కొట్టేయడానికి వాడిన లెక్కలను, అరుదైన కణితి కనిపించినప్పుడు అనుమానాన్ని బలపరచడానికీ వాడి తీరాలి.

2022 జూన్‌లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఈపీఏ తన సొంత క్యాన్సర్ మార్గదర్శకాలనే పాటించలేదంటూ గ్లైఫోసేట్‌పై అది ఇచ్చిన మధ్యంతర నిర్ణయంలో మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన భాగాన్ని రద్దు చేసింది. పాత కంట్రోల్ లెక్కలను వాడిన తీరు కూడా ఆ తీర్పులో చర్చకొచ్చింది. సెప్టెంబరులో ఈపీఏ ఆ మధ్యంతర నిర్ణయంలో మిగిలిన భాగాన్నీ వెనక్కి తీసుకుంది.