బయానా నుంచి బ్లాక్ సూత్రం దాకా: ఆప్షన్ ధర లెక్క ఎక్కడ పుట్టింది, ఎక్కడ తప్పుతుంది

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా భూమి బేరం కుదిరితే ముందు బయానా ఇస్తారు. గడువులోగా మిగతా సొమ్ము కట్టకపోతే బయానా పోయినట్టే. ఆప్షన్‌కు ఇదే దగ్గరి చుట్టం. అయితే బయానా భూమి ధరలో కలుస్తుంది, ఆప్షన్‌కు కట్టే ప్రీమియం కలవదు. అది కేవలం హక్కు ఖరీదు. ముందే అనుకున్న ధరకు కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్. ఈ హక్కుకు ఎంత ఇవ్వాలన్నదే నూరేళ్లకు పైబడిన లెక్క.

1900లో పారిస్‌లో లూయీ బాషెలియే తన పరిశోధన వ్యాసంలో దీనికి తొలి జవాబు చెప్పాడు. ధర ఇన్ని రూపాయల మేర అటూ ఇటూ ఊగుతుందని పెట్టుకున్నాడు. అలా చేస్తే ధర సున్నా కిందికీ పోవచ్చు. అందుకే తర్వాతివాళ్లు రూపాయలు వదిలి శాతాల్లో లెక్కించారు. కానీ 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్ (ముందు తేదీన ఇచ్చే సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందం) మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగియడంతో, అక్కడ లావాదేవీలను పరిష్కరించే క్లియరింగ్ సంస్థ కొన్నాళ్లపాటు మళ్లీ బాషెలియే పద్ధతికే మారింది.

అసలు మలుపు 1973. ఆప్షన్ అమ్మినవాడు అసలు సరుకును ఎప్పటికప్పుడు కొంటూ అమ్ముతూ ఉంటే నష్టభయాన్ని కాచుకోవచ్చని ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ చూపించారు. అంటే ధర ఎటు పోతుందో ఊహించనక్కర్లేదు, ఎంత ఊగుతుందో తెలిస్తే చాలు. 1976లో బ్లాక్ దీన్ని ఫ్యూచర్లకు మలిచాడు. సరుకుల ఆప్షన్లకు మనకు కావలసింది ఈ రూపమే.

లెక్క కోసం ఆముదాల ఫ్యూచర్ క్వింటాలు 6,000 రూపాయలు అనుకుందాం. మూడు నెలల్లో 6,000కే అమ్ముకునే పుట్, ఏడాది ఊగు (ధర ఎంతగా అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 25 శాతం, వడ్డీ ఆరున్నర శాతం. బ్లాక్ సూత్రం ఇచ్చే ప్రీమియం సుమారు 294 రూపాయలు.

ఇదే లెక్కను 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ కొమ్మల చెట్టుగా మార్చారు: గడువును మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టులో ధర పైకో కిందికో పోతుందనుకోవడం. ఒకే మెట్టు వేస్తే ధర పైకి 6,799, కిందికి 5,295. కిందికి పడితే పుట్ విలువ 705. పడే కొమ్మకు బరువు 0.531. ఇది ధర పడుతుందన్న అంచనా కాదు, రెండు ధరల సగటు నేటి 6,000కు సరిపోయేలా కుదిర్చిన బరువు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 705ను ఆ బరువుతో గుణించి వడ్డీ తీస్తే 368 వస్తుంది. రెండు మెట్లు వేస్తే 261. బేసి మెట్లకు జవాబు పైకి, సరి మెట్లకు కిందికి రంపపు పళ్లలా ఊగుతూ 294కు చేరుతుంది. అందుకే 100, 101 మెట్లు రెండూ వేసి సగటు తీసుకోవడం మంచిది.

గడువుకు ముందే హక్కు వాడుకునే అమెరికన్ పుట్‌కు ఇలాంటి సూత్రం లేదు, చెట్టో, ధరనూ కాలాన్నీ చిన్న గడులుగా విడగొట్టి లెక్కించే గడుల పద్ధతో కావాలి. గడుల్లో సులువైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి ఒక షరతుంది: ధర గడిని సగం చేస్తే కాలం గడిని నాలుగో వంతు చేయాలి. మరిచిపోతే ఒక గడిలో పెద్ద ప్లస్, పక్క గడిలో పెద్ద మైనస్ వచ్చి లెక్కంతా పాడవుతుంది. ధర నడిచే దారులను యాదృచ్ఛికంగా ఎన్నో వేసి సగటు తీసే మాంటే కార్లో పద్ధతిని 1977లో ఫెలిమ్ బాయిల్ తెచ్చాడు. అందులో ఆ బెడద లేదు, కానీ ఇంకో దశాంశ స్థానం సరిగ్గా రావాలంటే నూరు రెట్లు ఎక్కువ దారులు వేయాలి.

మన దగ్గర 1952 నాటి ఫార్వర్డ్ కాంట్రాక్టుల చట్టం సరుకుల ఆప్షన్లను నిషేధించింది. 2015 సెప్టెంబరులో సరుకుల మార్కెట్ల నియంత్రణ, షేర్ల మార్కెట్లను చూసే సెబీ చేతికి వచ్చాక, 2017 అక్టోబరులో బంగారంతో ఆప్షన్లు మొదలయ్యాయి. ఈలోగా ఆముదాలే పెద్ద పాఠం చెప్పాయి: ధర పడిపోతుండగా 2016 జనవరి 27న సరుకుల ఎక్స్ఛేంజి ఎన్‌సీడీఈఎక్స్ ఆముదాల ఫ్యూచర్లను ఆపేసింది. ఎప్పటికప్పుడు కొనొచ్చు, అమ్మొచ్చు అన్నదే 1973 సూత్రానికి పునాది. మార్కెట్ మూతపడినా, లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పడేందుకు పెట్టిన హద్దు) తగిలి కొనేవాడు లేకపోయినా ఆ పునాది ఉండదు. సూత్రం మాత్రం అదే అంకె చూపిస్తూ ఉంటుంది.

ఇంకో చిక్కు ఊగు అంకెది. ఆముదాల ఫ్యూచర్‌కు ఆధారం గుజరాత్‌లోని డీసా ధర. నాగర్‌కర్నూల్ రైతు అమ్మేది తన యార్డు ధరకు. రోజువారీ యార్డు ధరల లాగరిథమ్ తేడాలు తీసి, వాటి ప్రామాణిక విచలనాన్ని ఏడాది పనిదినాల వర్గమూలంతో గుణిస్తే ఇక్కడి ఊగు వస్తుంది. గింజ తేమ, నాణ్యత వల్ల మారిన ధరను ముందు పక్కన పెట్టాలి, లేదంటే అదీ ఊగుగానే లెక్కలోకి వస్తుంది. డీసా ధర ఎక్కి యార్డు ధర పడిన రోజున, ప్రీమియం కట్టి పుట్ కొన్న రైతుకూ ఆ నష్టం పూడదు.